బడికి సున్నం తెచ్చిన పెద్దలు

ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు సున్నం మంజూరైందన్న శుభవార్త మంగళవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు సైకిలు స్టాండు గోడ మీంచి ఊళ్ళోకి దిగింది. దిగింది అంటే దూకింది. వార్తతోపాటు బడి అటెండరు కూడా దూకాడు.

ఆ ఊళ్ళో ఫోను మాట్లాడాలంటే సైకిలు స్టాండు గోడ ఎక్కాలి. సిగ్నలు అక్కడే దొరుకుతుంది. దొరికినా తిన్నగా ఉండదు. తోచిన మాట దగ్గర చివరి అక్షరాన్ని మింగేసి, మిగిలింది మనకు వదులుతుంది. దీనికి బాధపడటం ఊరివారు ఎప్పుడో మానేశారు. మింగిన అక్షరాన్ని ఎవరికి వారే కలుపుకుంటారు. ఈ విద్యలో అక్కడ చేయి తిరగనివాళ్ళు లేరు. కిందటేడు ఓ పెళ్ళివారు ముహూర్తం మార్చుకుని, ఫోను చేసి ‘రావద్దు’ అన్నారు. గోడ మీద ‘రావ’ వరకే వినపడింది. దాన్ని ‘రావచ్చు’ అని పూరించుకుని ముప్పైమంది తరలి వెళ్ళి, లేని పెళ్ళికి ఉన్న బట్టలన్నీ కట్టుకుని, సాయంత్రందాకా కూర్చుని, పెళ్ళి బాగా జరగలేదని తేల్చి తిరిగొచ్చారు.

ఆ మంగళవారం జిల్లా ఆఫీసు గుమాస్తా అన్న మాటలు ఇవి: “మీ బడికి ఈ ఏడు సున్న వేస్తున్నాం. గురువారం పెద్దాఫీసరుగారు స్వయంగా వచ్చి, చూసి, ఖాయం చేస్తారు.”

సున్న ఏమిటి, సగం మాట? అటెండరు అలవాటు కొద్దీ దాని పక్కన ఇంకో సున్న చుట్టాడు. సున్నం అయింది. ఆ ఒక్క మాట దగ్గర సిగ్నలుకు ఆకలి వేయలేదేమోనన్న అనుమానం ఎవరికీ రాలేదు. మీకు వచ్చిందంటే మీరు ఆ ఊరివారు కారన్నమాట.

ఆ సమయానికి పంతులమ్మ ఆరో తరగతి గదిలో ఉంది. పాఠం చెప్పడానికి కాదు. ఆ గదిలో పన్నెండు బెంచీలు, ఒక నల్లబల్ల, కిటికీలో ఒక ఉడుత ఉన్నాయి గాని పిల్లలు లేరు. ఉడుత రోజూ వేళకు వస్తుంది, కానీ దాని పేరు రిజిస్టరులో రాయడానికి రూలు ఒప్పుకోదు. పంతులమ్మ అసలు ఉద్యోగం భాష చెప్పడం. హెడ్మాస్టరు కుర్చీ ఆరేళ్ళుగా ఖాళీ కాబట్టి దానికీ ఆవిడే ఇన్‌చార్జి. ఆ కుర్చీకి మూడు కాళ్ళే ఉండటం వల్ల నిలబడే ఇన్‌చార్జిగా ఉంటోంది.

ఇంతకీ ఆరో తరగతికి ఆరోగ్యం బాగాలేదు. ఆ ఏడు ఒక్కరూ కొత్తగా చేరలేదు. పదిమందైనా చేరకపోతే బడి మూసేసి, ఉన్నవాళ్ళని పన్నెండు కిలోమీటర్ల అవతలి బళ్ళో కలిపేస్తారని రూలు. ఈ ఏడు ఆరు ఆరిపోతే, పై ఏడు ఏడు ఏడుస్తుంది. అంతదాకా ఆగే ఓపిక కూడా ఆఫీసుకు లేదు. పై తరగతుల్లో ఎనభై నాలుగుమంది ఉన్నారు. అందులో నలభై ఆరుమంది ఆడపిల్లలు. పన్నెండు కిలోమీటర్లంటే వాళ్ళలో సగంమంది చదువు ఆ దారిలోనే ఆగిపోతుందని పంతులమ్మకు తెలుసు. పేరు పేరునా తెలుసు. ఆ పది పేర్ల కోసం బడి తెరిచిన నాటి నుంచి ఆవిడ అరవై రెండు గడపలు ఎక్కి దిగింది.

ఆరో తరగతి ఈడు పిల్లలు ఊళ్ళో ఉన్నారు. లేకేం? పొద్దున్నే ఆరున్నరకి పసుపు రంగు బస్సు వచ్చి వాళ్ళని కళ్ళు నులుముకుంటుండగానే ఎత్తుకుని పట్నంలోని టై ఉన్న బడికి తీసుకుపోతుంది.

“మీరంటే మాకు దేవుడితో సమానం టీచరుగారూ,” అన్నాడు కిరాణా కొట్టాయన. “కాకపోతే మావాడికి మెడలో టై లేకపోతే అన్నం సయించదు.”

ప్రభుత్వ బడి పిల్లలందరికీ యూనిఫారాలు కుట్టేది టైలరమ్మ. ఆవిడ గుమ్మంలో పంతులమ్మకు కాస్త ఆశ కలిగింది. “నేను కుట్టిన బట్టలు నా కొడుకే వేసుకుంటే ఇంక వాడి దగ్గర నాకేం విలువ ఉంటుందమ్మా?” అంది టైలరమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ. టైలరమ్మ కొడుకు కూడా టై కోసం పోయినవాడే.

ఊరి ప్రెసిడెంటు మాత్రం కాదనలేదు. “తప్పకుండా చేరుస్తాం. ముందు అందర్నీ చేరనివ్వండి. మా మనవడు చివర్న వస్తాడు. నాయకుడనేవాడు అందరి వెనకాల ఉండాలి.”

అటెండరు కొడుకూ బస్సు పిల్లాడే. “నేను రోజూ వస్తున్నాను కదమ్మా, ఇంటికొకరు చాలదా?” అని అడిగాడు.

అరవై రెండు గడపల్లో అరవై రెండు కారణాలున్నా, అన్నీ చివరికి ఒకే చోటికి చేరేవి. “అయినా ఆ గోడలేంటమ్మా! పెచ్చులూడి, చెమ్మ పట్టి... పిల్లలు జడుసుకుంటారు. గోడలు బాగుచేయించండి, అప్పుడు చూడండి మా తడాఖా!” పంతులమ్మ తన గోడు చెప్పుకోవడానికి వెళ్తే, వాళ్ళు గోడ గురించి చెప్పి పంపేవారు.

అందుకే అటెండరు గుమ్మంలోకి వచ్చి, “అమ్మా! సున్నం! బడి మొత్తానికి సున్నం! గురువారం పెద్దాఫీసరే వస్తున్నాడు!” అని అరిచినప్పుడు పంతులమ్మ బెంచీ మీంచి లేచి నిలబడింది. సున్నం వస్తే గోడలు తెల్లబడతాయి. గోడలు తెల్లబడితే అరవై రెండు గడపల్లో సాకు ఉండదు. సాకు లేకపోతే పిల్లలుంటారు. ఆవిడ అంత వేగంగా లెక్క చేయడం ఆ బడి చరిత్రలో లేదు. ఉడుత కూడా భయపడి పోయింది.

*

వార్త ఊళ్ళో చేరిన అరగంటలో, ఆ సున్నం ఎవరి వల్ల వచ్చిందన్న విషయమై ఊరు ఏకాభిప్రాయానికి వచ్చింది. ‘నా వల్లే’ అన్నదే ఆ ఏకాభిప్రాయం. ఎవరి ఇంట్లో వాళ్ళది.

ప్రెసిడెంటు పది నెలలుగా జిల్లా ఆఫీసు చుట్టూ తిరుగుతున్న మాట వాస్తవం. తిరిగింది బావమరిది ఇటుకల బట్టీ అనుమతి కోసం. కానీ బడి ఫైలు కూడా అదే భవనంలో ఉంటుంది కాబట్టి, దాని చుట్టూ కూడా తిరిగినట్టే లెక్క. కిరాణా కొట్టాయన మూడేళ్ళ కింద ఒక అర్జీ రాశాడు. అది కొట్టు ముందు మురుగు కాలువ గురించి. కాలువకు గోడ ఉంటుంది, గోడకు సున్నం ఉంటుంది, కనుక అర్జీ ఫలించింది. మధ్యాహ్నానికల్లా ‘పూర్వ విద్యార్థుల సంఘం’ కూడా వెలిసింది. బడి చదువు పూర్తి చేసినవాళ్ళంతా ఉద్యోగాలకని వేరే ఊళ్ళు పోయి ఉండటం వల్ల, పూర్తి చేయనివాళ్ళే పూర్వ విద్యార్థులుగా బాధ్యత స్వీకరించారు.

సాయంత్రానికి సున్నం కమిటీ ఏర్పడింది. సభ్యులు పద్నాలుగు మంది. మొదటి సమావేశంలోనే కమిటీ నిట్టనిలువునా చీలింది. తెలుపంటే ఏ తెలుపు? పాల తెలుపా, కాగితం తెలుపా? పాల తెలుపు వర్గానికి ప్రెసిడెంటు, కాగితం తెలుపు వర్గానికి కిరాణా కొట్టాయన నాయకత్వం వహించారు. ఒక పెద్దాయన లేచి, సున్నం ఎలా వేసినా తెల్లగానే ఉంటుంది కదా అన్నాడు. ఆయన్ని రెండు వర్గాలూ కలిసి బయటికి పంపాయి. ఊళ్ళో ఐకమత్యం లేదనేవారు గమనించగలరు.

పంతులమ్మ ప్రతి సమావేశంలోనూ చివర్న లేచి ఒకే మాట అడుగుతూ వచ్చింది. “సరేనండి, గోడలకు సున్నం వస్తోంది. మరి పిల్లల్ని ఎప్పుడు పంపుతారు?”

“ముందు సున్నం పడనివ్వండమ్మా,” అన్నారు పాల తెలుపువారు.

“ఆరనివ్వండి కూడా,” అన్నారు కాగితం తెలుపువారు.

బుధవారం పొద్దున గోడలు గోకే కార్యక్రమం జరిగింది. కొత్త సున్నం పట్టాలంటే పాతది పోవాలి కదా. గోకినకొద్దీ లోపలి పొరల్లోంచి ఊరి చరిత్ర బయటపడింది. పెద్ద తరగతి గోడ మీద, మూడో పొర కింద, నలభై ఏళ్ళ నాటి బొగ్గు రాత కనిపించింది: ‘పతులుగారు రేపు రాకూడదు’. ఆ రాత చూసి ప్రెసిడెంటు దగ్గరికొచ్చి, తల పక్కకి వంచి, “అక్షరాలు ఎంత గుండ్రంగా ఉన్నాయో! మా కాలం చదువులే వేరు,” అన్నాడు. ఆ మాటతో రాసిందెవరో అందరికీ తెలిసిపోయింది.

పంతులమ్మకు చేయి ఊరుకోలేదు. ‘ప’ పక్కన సుద్దతో ఒక సున్న చుట్టి, పతుల్ని పంతుల్ని చేసి, కింద అర మార్కు కోసింది.

“ఇప్పుడు కోసి ఏం లాభం అమ్మా!” అన్నాడు ప్రెసిడెంటు నొచ్చుకుని.

“అప్పుడే ఎవరైనా కోసి ఉంటే బావుండేదండి.”

మధ్యాహ్నం పెయింటరు వచ్చి గేటు పక్కన పలక మీద ‘ఈ బడికి సున్నం తెచ్చిన పెద్దలు’ అని పెద్దక్షరాలతో రాసి, కింద పద్నాలుగు పేర్లు రాశాడు. పేర్ల తర్వాత బడి పేరు రాయడానికి చోటు చాలలేదు. బడి ఎలాగూ వెనకాలే కనిపిస్తుంది కదా అని కమిటీ ఆమోదించింది.

బుధవారం సాయంత్రం పంతులమ్మ ఇల్లు చేరేసరికి పసుపు బస్సు వీధి చివర ఆగింది. అందులోంచి ఐదుగురు పిల్లలు నిద్రపోతూ దిగారు. ఐదో పిల్ల పంతులమ్మ కూతురు.

దాచడమెందుకు? ఆవిడ కూతురూ ఆరో తరగతే. ఆవిడ మెళ్ళో తాళాల గుత్తి, కూతురి మెళ్ళో టై. ఊళ్ళో అరవై రెండు గడపలు తిరిగినప్పుడు, “మరి మీ పాప ఏ బళ్ళోనమ్మా?” అని ఎవరైనా అంటే పంతులమ్మకు వెంటనే దాహం వేసేది. మంచినీళ్ళు తాగి, వేరే వీధికి వెళ్ళేది. ఆ గడపల దగ్గర అలా చాలా నీళ్ళు తాగింది.

అత్తగారు వరండాలో బియ్యం ఏరుతున్నారు. “ఊరందరి గడపలూ ఎక్కావట గదే అమ్మాయ్. అరవై రెండట.”

“అవునత్తయ్యా.”

“మనింటిది ఎన్నో నంబరు?”

పంతులమ్మ చెప్పులు విప్పడంలో చాలా శ్రద్ధ చూపించింది. “పాపకి అక్కడ అలవాటైపోయింది కదత్తయ్యా. అయినా మన బడి గోడలు...”

అనేసి, ఆగిపోయింది. అరవై రెండుసార్లు విన్న మాట తన నోట్లోంచి అరవై మూడోసారి వచ్చేసరికి ఆవిడకే వింతగా అనిపించింది.

“గోడలా?” అన్నారు అత్తగారు, రాయి ఏరి పారేస్తూ. “ఇంకేం మరి, రేపు సున్నం పడుతోందిగా!”

పంతులమ్మకు మళ్ళీ దాహం వేసింది.

*

గురువారం నాడు బడి ముందు షామియానా వేశారు. గేటుకు రిబ్బను కట్టారు. కుర్చీలు తేవడానికి ప్రెసిడెంటు పసుపు బస్సునే పురమాయించడంతో ఆ రోజు పట్నం బడికి పోయే దారి లేక బస్సు పిల్లలంతా ఊళ్ళోనే మిగిలి, వెనక వరసల్లో బెంచీల మీద కాళ్ళూపుతూ కూర్చున్నారు. చప్పట్లు కొట్టడానికి కూడా పనికొస్తారని కమిటీ ఉద్దేశం.

పెద్దాఫీసరు పదకొండింటికి జీపు దిగాడు. చంకలో ఫైలు. ఫైలులో సున్న. అంతకుముందు ఆయన ఇరవై మూడు ఊళ్ళలో ఇరవై మూడు సున్నలు ఖాయం చేసి వచ్చాడు. కొన్ని ఊళ్ళలో తిట్టారు, కొన్ని ఊళ్ళలో ఏడ్చారు, ఒక ఊళ్ళో జీపు టైర్లలో గాలి తీశారు. సున్నకు రిబ్బను కట్టిన ఊరు మాత్రం ఇదే. ఆయన కాసేపు రిబ్బను వంక చూసి, కత్తెర చేతికిస్తే కత్తిరించి, జాగ్రత్తగా లోపలికి వచ్చాడు.

ప్రెసిడెంటు మైకు పట్టుకున్నాడు. ఆ మైకు కూడా ఊరి మైకే. మాటల చివర ‘మ్’ అనే చప్పుడు దానికి సరిపడదు.

“సభకు నమస్కారం! ఈ రోజు మన బడికి సున్నం వచ్చిందంటే అది ఊరికే రాలేదు. ఒక్కరోజులో రాలేదు. ఏళ్ళ తరబడి నేను చేసిన కృషికి ఇది ఫలితం! ఎవరేమన్నా సరే, ఈ సున్నం వెనక ఉన్నది నేను, నా కుటుంబం!”

మైకు ‘మ్’ మింగేసి, సున్న వరకే బయటికి వదిలింది. పెద్దాఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన సర్వీసులో ఇంత నిజాయితీ ఎన్నడూ చూడలేదు.

కిరాణా కొట్టాయన ఊరుకోగలడా? లేచి మైకు లాక్కున్నాడు. “ప్రెసిడెంటుగారొక్కరే తెచ్చారంటే నేనొప్పుకోను. ఈ సున్నం కోసం మా ఇంటిల్లిపాదీ పాటుపడ్డాం! కావాలంటే వీధిలో ఎవర్నైనా అడగండి!”

“ఆడవాళ్ళ చెయ్యి లేకుండానే వచ్చిందా?” అని టైలరమ్మ కింద నుంచే చెయ్యి చాచి, మైకు లాక్కుని కేక వేసింది. “ఇంట్లో మేం పట్టుబట్టబట్టి గాని, ఈ మగాళ్ళ వల్ల సున్నం వచ్చేదా?”

పూర్వ విద్యార్థులు లేచి, బడి మానేసిన నాటి నుంచీ ఈ సున్నం కోసం తాము చేసిన సేవను గుర్తించలేదని నినాదాలిచ్చారు. పెద్దాఫీసరు ఇక ఆగలేకపోయాడు. తానే లేచి మైకు అందుకున్నాడు.

“ఇరవై మూడు బడులు తిరిగి వచ్చాను. ఎక్కడ చూసినా తప్పు ఎదుటివాడిదే. టీచర్లదని ఊరు, ఊరిదని టీచర్లు. గుండెల మీద చెయ్యి వేసుకుని, దీనికి కారణం మేమే అన్నవాళ్ళని ఇక్కడే చూశాను. మీరన్నది నిజం. ఇంతమంది కలిసి కృషి చేస్తేగాని ఇది రాదు! ఈ మాట కాగితం మీద పెడదాం.”

చప్పట్లు మార్మోగాయి. ఆయన వెంట జీపులో వచ్చిన గుమాస్తా అక్కడికక్కడే రాశాడు: ‘ఈ బడి ఆరో తరగతికి ఈ ఏడు సున్న రావడానికి పూర్తి కారకులం మేమేనని ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాం.’ ప్రెసిడెంటు కళ్ళజోడు లేకుండానే మొదటి సంతకం చేశాడు. తక్కినవాళ్ళు కింద చోటు చాలదేమోనన్న కంగారులో ఒకరి మోచెయ్యి ఒకరు తోసుకుంటూ చేశారు. పద్నాలుగు సంతకాలూ పడ్డాక కాగితం ఇన్‌చార్జి హోదాలో పంతులమ్మ చేతికొచ్చింది.

ఆవిడ చదివింది. ఆ కాగితాన్ని చదివిన మొదటి మనిషి ఆవిడే. చదువుతూనే ఎర్రకలం తీసింది.

“అయ్యా, చిన్న పొరపాటు. ఇక్కడ సున్న పోయింది.”

“పోలేదమ్మా, ఉంది చూడండి,” అన్నాడు పెద్దాఫీసరు.

“సున్న ఉందండి. సున్న పక్కన సున్న లేదు.”

“ఒక్క తరగతికి ఒక్క సున్న చాలదా అమ్మా? రెండెందుకు?”

“ఒక్క తరగతికేనా? బడి గోడలన్నిటికీ కాదా?”

“గోడలకెందుకు వేస్తాం? పిల్లలకి వేస్తాంగాని!”

మైకు మూయడం ఎవరూ మరిచిపోలేదు. అసలు మూసే అలవాటే లేదు. పిల్లలకి వేస్తారన్న మాట వినేసరికి వెనక వరసల్లో తల్లులు లేచి, ఎవరి పిల్లల్ని వాళ్ళు కొంగు చాటుకు లాక్కున్నారు. “పిల్లలకి సున్నం వేస్తారట!” అని ఒకావిడ గొల్లుమంది. “ఏ తెలుపు?” అని కమిటీలోంచి ఎవరో అడిగారు.

పెద్దాఫీసరు ఫైలు తెరిచి చూపించాడు. ‘ఆరో తరగతి, కొత్త చేరికలు’ అన్న గడిలో నీలి సిరాతో ఒక సున్న ఉంది. నిండుగా, గుండ్రంగా ఉంది. దాని పక్కన ఇంకేమీ లేదు. సున్నం బస్తా అంతకన్నా లేదు.

పంతులమ్మ ఆ గడిని చాలాసేపు చూసింది. తన నలభై ఆరుమంది ఆడపిల్లలూ ఆ సున్నలోంచి ఒక్కొక్కరే జారిపోతున్నట్టు అనిపించింది. తర్వాత ఏమనుకుందో ఏమో, నల్లబల్లను వేదిక మీదికి లాక్కొచ్చి, సుద్ద తీసుకుని ‘సున్నం’ అని పెద్దగా రాసింది. చివరి సున్నను కొంగుతో తుడిచేసింది. ‘సున్న’ మిగిలింది.

“ఆఫీసువాళ్ళు చెప్పింది ఇది. మనం విన్నది అది. మధ్యలో తేడా ఒక్క సున్న. మనకు రాబోయేది సున్నం కాదు. బడి మూత.”

సభ మొత్తం, సున్నం అవసరం లేకుండానే తెల్లబోయింది. పాల తెలుపువారూ కాగితం తెలుపువారూ తేడా లేకుండా ఒకే తెలుపు.

కాసేపటికి తేరుకుని, అందరూ కలిసి అటెండరు మీద పడ్డారు. అటెండరు రెండు చేతులూ ఎత్తాడు. “నేను కలిపింది పక్కన సున్నేనండీ బాబూ! ముందున్న సున్న నేను పెట్టలేదు. అంటే, నాదొక్కటే కాదు. మనందరి చందా అది.”

ప్రెసిడెంటు పెద్దాఫీసరు దగ్గరికి జరిగాడు. “ఆ కాగితం ఓసారి ఇలా ఇస్తారా? కళ్ళజోడు లేక పెట్టాను.”

“సంతకం పడ్డాక ఇవ్వడం కుదరదండి. గడిలో పది పడితే ఈ కాగితంతో నాకు పని లేదు. చింపేస్తాను. పడకపోతే ఇదే పైకి పంపుతాను. పద్నాలుగుమంది ఒప్పుకున్న మొదటి కేసు కదా, పేపర్లో కూడా వేస్తారు.”

పద్నాలుగు గొంతులు ఒక్కసారే తడారిపోయాయి. ఈసారి దాహం పంతులమ్మకు మాత్రం వేయలేదు.

ఆవిడ నల్లబల్ల మీద విడిగా ఒక సున్న గీసి, దానికి ముందు ఒకటి వేసింది. “సున్నను తుడిచే పని లేదండి. దీని ముందు ఒకటి నిలబడితే పది అవుతుంది. ఆ ఒకటి ఎవరు?”

ప్రెసిడెంటు షామియానా గుడ్డకున్న చిల్లుల్ని లెక్కపెట్టసాగాడు. కిరాణా కొట్టాయన కొట్టు తాళం వేశానా లేదా అని గుర్తు చేసుకోసాగాడు. ఎవరో గొంతు మార్చి, గుంపులోంచి అడిగారు: “మీ అమ్మాయి ఏ బళ్ళో టీచరుగారూ?”

మంచినీళ్ళ గ్లాసు బల్ల మీదే ఉంది. పంతులమ్మ ముట్టుకోలేదు. రిజిస్టరు తెరిచి, ఆరో తరగతి పేజీలో మొదటి వరసలో కూతురి పేరు రాసింది. పుట్టిన తేదీ రాసింది. ‘ఇంతకుముందు చదివిన బడి’ అన్న గడిని కూడా ఖాళీగా వదల్లేదు. పట్నం బడి పేరు రాసింది. రాసి, మైకులో చదివింది కూడా.

వెనక బెంచీలోంచి కూతురు లేచి నిలబడింది. “అమ్మా! అయితే రేపట్నుంచి బస్సు కోసం ఐదున్నరకి లేవక్కర్లేదా?”

“అక్కర్లేదు. ఇక్కడ బడి తొమ్మిదిన్నరకి.”

“నడిచి రావచ్చా?”

“నాలుగు నిమిషాలు.”

వెనక వరసల్లో కాళ్ళూపడం ఆగిపోయింది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఊరి పెద్దలు పన్నెండేళ్ళుగా పిల్లల భవిష్యత్తు గురించి ఆలోచిస్తూ వచ్చారుగాని, పిల్లల నిద్ర గురించి ఎవరూ ఆలోచించి ఉండలేదు.

“తాతా!” అని అరిచాడు ప్రెసిడెంటు మనవడు, బెంచీ దూకి వస్తూ. “నేనిక్కడే! తొమ్మిదిదాకా పడుకుంటా!”

“ఒరేయ్, ఆగరా! టై...”

“టై నువ్వు కట్టుకో తాతా!”

వాడి వెనక కిరాణా కొట్టాయన కొడుకు, టైలరమ్మ కొడుకు, అటెండరు కొడుకు, ఇంకా వాళ్ళ వెనక ఇంకా... వేదిక మెట్లు విరిగేంత పనయింది. పెద్దలు ఆపాలని లేచారుగాని, పెద్దాఫీసరు చేతిలో ఆ కాగితం గాలికి రెపరెపలాడుతుంటే మళ్ళీ కూర్చున్నారు. పంతులమ్మ రాస్తూ పోయింది. ఎనిమిది, తొమ్మిది, పది. పదకొండోవాడు ఏడో తరగతట. నిద్ర మాట విని వచ్చాడు. వాణ్ణి ఏడులో రాసుకున్నారు.

పెద్దాఫీసరు ఫైలు తీసి, నీలి సున్న ముందు తన చేత్తో ఒకటి నిలబెట్టాడు. కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. పద్నాలుగుమంది ఊపిరి పీల్చుకున్న చప్పుడు మైకులో వినపడింది. వెళ్తూ వెళ్తూ గోకిన గోడల్ని చూసి, “ఇంత అధ్వాన్నమైన గోడలు నా సర్వీసులో చూడలేదు. మరమ్మతుల జాబితాలో మీ బడినే మొదట రాస్తాను,” అని మాటిచ్చి జీపెక్కాడు.

శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకి ఆరో తరగతిలో పదిమంది, నిండా నిద్రపోయిన మొహాలతో, కూర్చుని ఉన్నారు. అదే సమయానికి గేటు దగ్గర పొరుగూరివాళ్ళు రెండు బండ్లతో నిలబడ్డారు. మిగిలిన సున్నం తమకిస్తారేమోనని వచ్చారట. కిందివీధివాళ్ళయితే పిల్లలకు సున్నం వేసే రోజు ఎప్పుడో కనుక్కుని, ఆ రోజు మాన్పిద్దామని వచ్చారు. ఇక సంగతి అందరికీ ఒకేసారి వివరించక తప్పదని పంతులమ్మ పెయింటరును పిలిపించి, గేటు పక్క పలక మీది పాత పేర్లకు నల్లరంగు పూయించి, ఈ విధంగా రాయించింది:

‘తప్పొప్పుల పట్టిక. ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమేమనగా, మంగళవారం నుంచి ఊళ్ళో సున్నం అని విన్నచోటల్లా సున్న అని చదువుకోవలెను. సున్న అని చెప్పినది ఆఫీసువారు. పక్కన సున్న చుట్టినది అటెండరు. అసలు సున్న వేసినది ఊరు. ఊరు అన్నచోట ఈ ప్రకటన రాయించిన పంతులమ్మను కూడా కలిపి చదువుకోవలెను. మన బడి బాగుపడాలి అని ఎవరు ఏ సభలో చెప్పినా, దానికి ముందు ఎదుటివాళ్ళ పిల్లలతో అన్న మాట చేర్చి చదువుకోవలెను. ఇది చదివి నవ్వినవారు తమ పిల్లలు ఏ బళ్ళో చదువుతున్నారో కింద రాసి, ఆ తర్వాత నవ్వవలెను. పలక మీద చోటు చాలా ఉన్నది.’